సముద్రం పక్కన కారు ప్రయాణం: భీమిలి దారా, కొంకణమా, తరంగంబాడి దారా?

కారు అద్దంలోంచి సముద్రం కనిపిస్తూ ఉండాలి. కొండలు నీళ్లలోకి దిగే చోట్లు దారిలో తగలాలి. మధ్యమధ్య దిగి చూడటానికి పాత కోటో, గుడో, స్తూపమో ఉండాలి. ఇలాంటి ప్రయాణం కావాలనుకునే తెలుగువాళ్లకు అందుబాటులో మూడు మంచి దార్లున్నాయి. ఒకటి విశాఖపట్నం నుంచి భీమిలి మీదుగా కళింగపట్నం. రెండోది చెన్నై నుంచి మహాబలిపురం, పుదుచ్చేరి దాటి తరంగంబాడి. మూడోది మహారాష్ట్రలోని కొంకణ తీరం.

ఫొటోలు చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవద్దు. ఫొటోల్లో మూడూ ఒకేలా ఉంటాయి: నీలం నీళ్లు, నల్ల రాళ్లు, సాయంత్రపు వెలుగు. అక్కడికి వెళ్లాక మీ రోజు ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు తేడా. కొంకణంలో అది సముద్రం చేతిలో ఉంటుంది. ఆటుపోట్లు, పడవలు, పంటులు (కార్లను నీళ్లు దాటించే పెద్ద పడవలు) ఒప్పుకున్న వేళకే మీరు కదలగలరు. ఉత్తరాంధ్ర తీరంలో ఎండ చెప్పినట్టు వినాలి. చూడాల్సినవన్నీ నీడలేని కొండల మీద ఉన్నాయి మరి. చెన్నై దారిలో శని, ఆదివారాల జనాన్ని బట్టి నడుచుకోవాలి. ఈ ముగ్గురు యజమానుల్లో ఎవరితో మీకు సర్దుబాటు అవుతుందో ఆలోచిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. రెండు మూడు రోజులే ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తుంటే విశాఖ–కళింగపట్నం. అయిదు రోజులకు పైగా ఉండి, నడవగలిగినవాళ్లే వెళ్తుంటే కొంకణం. దానికి సాటి వచ్చేది మిగతా రెండింటిలో లేదు. కొండల మీద పెద్దగా మోజు లేదు, చరిత్రే కావాలి, రోడ్డు సాఫీగా ఉండాలి అంటే తరంగంబాడి దారి.

కొంకణం: సగమే ఎంచుకోండి

ముంబయి దగ్గర రేవస్ నుంచి గోవా సరిహద్దులోని రెడి దాకా తీరం వెంట రాష్ట్ర రహదారి ఒకటి ఉంది. పొడవు అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు. మ్యాప్‌లో చూసి రెండు రోజుల్లో కొట్టేయొచ్చనుకుంటారు చాలామంది. ఆ రోడ్డు మీద గంటకు 30, 35 కిలోమీటర్లు సాగితే గొప్ప. కొండ ఎక్కుతుంది, ఎర్రరాతి పీఠభూమి మీద కాసేపు చదునుగా పోతుంది, మళ్లీ మలుపులు తిరుగుతూ ఒక పల్లెలోకి దిగుతుంది. ఆ పల్లెలో ఇంటి గోడలకూ కొబ్బరితోటల ప్రహరీలకూ మధ్య ఒక్క కారే పట్టే సందు ఉంటుంది. ఎదురుగా బస్సు వచ్చిందంటే వెనక్కి తీసుకోవాల్సింది మీరే.

అందుకే మొత్తం తీరాన్ని ఒక్క విడతలో చూడాలనుకోవద్దు. ఉత్తర భాగం అలీబాగ్ నుంచి గుహాగర్ దాకా, దక్షిణ భాగం రత్నగిరి నుంచి వెంగుర్లా దాకా. ఏదో ఒకటి పెట్టుకోండి.

ఉత్తర భాగంలో ఖాడీలు, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయలు, రోడ్డును పదేపదే తెంపేస్తాయి. అగర్దండా–దిఘీ, బాగ్‌మాండ్లా–వేస్వీ, దాభోల్–ధోపావే, తవ్‌సాళ్–జైగడ్ రేవుల్లో కార్లను పంటు మీద ఎక్కించి దాటిస్తారు. మన నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో చూసిన పంటు లాంటిదే. ఇక్కడ మాత్రం చుట్టూ కొండలు, ఖాడీ నోటి దగ్గర సముద్రం. ముందు కారు డెక్కు చివరిదాకా పోయి ఆగుతుంది, దాని వెనక వరసగా మిగతావి, సందుల్లో బైకులు. కారు దిగి రెయిలింగు దగ్గర నిలబడితే ఖాడీ రెండు గట్లూ కనిపిస్తాయి. పిల్లలకు కోటలకన్నా ఇదే బాగా నచ్చుతుంది. చుట్టూ తిరిగి వెళ్లే దారితో పోలిస్తే గంటలకు గంటలు కలిసొస్తాయి కూడా. చివరి పంటు ఎన్నింటికన్నది రేవును బట్టి మారుతుంది కాబట్టి ముందురోజు రాత్రే బస చేసిన చోట కనుక్కోండి. చీకటి పడ్డాక రేవుకు చేరేలా ప్లాన్ వేసుకుంటే ఆ రోజంతా టెన్షనే.

ఈ భాగానికి ప్రాణం మురుడ్ దగ్గరి జంజీరా. సముద్రం మధ్య రాతి దీవి మీద సిద్దీలు నిలబెట్టుకున్న కోట ఇది. ఆఫ్రికా మూలాలున్న ఆ వంశం చేతిలోంచి దాన్ని శివాజీ లాక్కోలేకపోయాడు, ఆయన కొడుకు శంభాజీ కూడా లాక్కోలేకపోయాడు. రాజపురి రేవులో తెరచాప పడవ ఎక్కాలి. పడవ గోడల దాకా వచ్చేస్తుంది, ద్వారం మాత్రం కనిపించదు. బురుజుల మధ్య మడతలో దాన్ని దాచేశారు. ఇంకాస్త దగ్గరికి వెళ్లాకే గోడ రెండుగా విడిపోయినట్టు అనిపించి మెట్లు కనిపిస్తాయి. లోపలికి అడుగు పెడుతుండగా గోడ మీద చెక్కడం చూడటం మరిచిపోకండి. పులిలాంటి ఒక మృగం ఏనుగులను పంజాలతో అదిమిపట్టి ఉంటుంది. ఆ కోట కట్టినవాళ్ల ధైర్యం ఎలాంటిదో ఆ ఒక్క రాయి చెప్తుంది. లోపల మంచినీటి కొలను ఉంది. చుట్టూ ఉప్పునీళ్లు పెట్టుకుని ఏళ్ల తరబడి ముట్టడులను తట్టుకున్నారంటే దాని వల్లే.

అయినా హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది దక్షిణ భాగమే. మొదటి కారణం, రత్నగిరి దిగువన ఎక్కువ చోట్ల వంతెనలున్నాయి, పంటుల బెడద తక్కువ. రెండోది, చేరుకోవడం తేలిక. హైదరాబాద్ నుంచి గోవాలోని మోపా విమానాశ్రయానికి వెళ్తే అక్కణ్ణుంచి మాల్వణ్ రెండు గంటల దారి. గోవాలో కారు అద్దెకు తీసుకునేటప్పుడు దాన్ని మహారాష్ట్రలోకి తీసుకెళ్లనిస్తారా అని ముందే అడిగి, ఆ మాట రసీదు మీద రాయించుకోండి. సొంత కారైతే సోలాపూర్ మీదుగా కొల్హాపూర్ చేరి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు మహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని అంబా ఘాట్ దిగండి, రత్నగిరి వచ్చేస్తుంది. ఒక్క రోజులో లాగేయడం కుదరదని కాదు, ఘాట్ చీకట్లో దిగాల్సి వస్తుంది. అది వద్దు.

మూడో కారణం నాకు ముఖ్యమైనది. ఇక్కడి కోటల్లో రకాలున్నాయి. రత్నగిరిలో రత్నదుర్గ్ గుర్రపు లాడం ఆకారంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ. పైదాకా కారు వెళ్తుంది, లోపల భగవతి గుడి ఉంది. విజయదుర్గ్‌కు మూడు వైపులా నీళ్లే అయినా నేల వైపు నుంచి గుమ్మం దాకా నడిచి వెళ్లొచ్చు. మరాఠా నౌకాదళాన్ని నడిపిన ఆంగ్రే వంశం వాళ్ల బలానికి ఇది ఆయువుపట్టు. 1756లో పీష్వా, ఇంగ్లీషువాళ్లు ఒక్కటైతే తప్ప ఇది వాళ్ల చేతి నుంచి పోలేదు. మాల్వణ్ ఎదురుగా సింధుదుర్గ్ పూర్తిగా దీవి. 1664లో శివాజీ పునాది వేయించగా 1667కు పూర్తయింది. లోపల శివాజీకి గుడి ఉంది, తీపినీళ్ల బావులున్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన 12 మరాఠా కోటల్లో విజయదుర్గ్, సింధుదుర్గ్ రెండూ ఉన్నాయి. ఉత్తరాన హర్ణై దగ్గరి సువర్ణదుర్గ్ కూడా ఉంది.

కోటలు వరసగా చూస్తే పిల్లలకే కాదు పెద్దలకూ విసుగొస్తుంది. రోజుకు ఒక్కటి చాలు. మధ్యలో ఆరే–వారే తీరం మీదుగా వెళ్లే రోడ్డు పెట్టుకోండి. కొండ అంచు మీద నుంచి రెండు బీచ్‌లూ ఒకేసారి కింద కనిపిస్తాయి. రత్నగిరిలో థీబా మహల్ చూడండి. బ్రిటిషువాళ్లు 1885లో గద్దె దింపి పంపేసిన బర్మా చివరి రాజు థీబా తన దేశం మళ్లీ చూడకుండానే 1916లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ మేడలో నిలబడి సముద్రం వైపు చూస్తే కోటల్లో కలగని బాధ ఒకటి కలుగుతుంది. రత్నగిరి, రాజాపూర్ వైపు ఎర్రరాతి పీఠభూములపై ఆదిమానవులు చెక్కిన పెద్దపెద్ద బొమ్మలు కూడా ఉన్నాయి. కశేళిలో ఉన్నది ఏనుగు బొమ్మ. వీటిని స్థానికుల సాయం లేకుండా వెతుక్కోవడం కష్టం.

విశాఖ నుంచి కళింగపట్నం

మన దారి కదా, ఎప్పుడైనా చూడొచ్చులే అని దీన్ని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. విశాఖలో పుట్టి పెరిగి తొట్లకొండ ఎక్కనివాళ్లున్నారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో తీరం బల్లపరుపుగా ఉంటుంది. విశాఖ దగ్గర తూర్పు కనుమలు నీళ్ల అంచు దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాన్ని దాటి దిగితే యారాడ, ఇటు కైలాసగిరి, అక్కణ్ణుంచి భీమిలి దాకా ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. ఇంత తక్కువ దూరంలో ఇన్ని ఉండటం మిగతా రెండు దార్లలోనూ లేదు.

ఇక్కడి చరిత్ర కొంకణం కోటల కన్నా పదిహేను వందల ఏళ్లు పైగా పాతది. తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గర పావురాళ్లకొండ, ఈ మూడు కొండల మీదా బౌద్ధ భిక్షువులు సముద్రానికి ఎదురుగా విహారాలు కట్టుకుని ఉన్నారు. తొట్లకొండ సంగతి 1976లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి చేసిన సర్వేలో బయటపడింది. ఆ తర్వాత 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వింది. పైకి వెళ్లాక స్తూపం వైపే పరిగెత్తకండి. ముందు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడండి. కొండ మీద పడిన వాన చుక్క వృథా పోకుండా రాతినే తొట్టిగా చేసుకున్నారు. తర్వాత భిక్షువుల గదుల వరస. ఒక్కొక్క గది ఒక మనిషి పడుకోవడానికి సరిపడా, అంతే. ఆ గదుల దగ్గర నిలబడి తల తిప్పితే కిందంతా సముద్రం. ఓడల మీద వచ్చే వర్తకులకు ఈ కొండ ఎంత దూరం నుంచి కనిపించి ఉంటుందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఈ కొండల మీద నీడ తక్కువ. పదకొండు దాటితే రాళ్లు కాలుతాయి. గేటు తెరిచే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. ముందు తొట్లకొండ, వెంటనే బావికొండ, ఆ తర్వాత భీమిలి వెళ్లి భోజనం. ఎర్రమట్టి దిబ్బలను మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి. వేల ఏళ్లుగా గాలి, నీరు తెచ్చిపోసిన ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబడిన దిబ్బలివి. వాననీరు కోసిన లోతైన గాడుల మధ్య నడుస్తుంటే సముద్రం పక్కనే ఉన్నామన్న సంగతి మరిచిపోతాం. ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లాయి. అంచులు ఎక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఒక్క కాలు వేస్తే వందల ఏళ్లు నిలిచిన అంచు జారిపోతుంది. గాడుల్లో కిందనే నడవండి.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, పాత చర్చి, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. కారు ఒక చోట ఆపి నడిచి చూసే ఊరిది. 1861లోనే మునిసిపాలిటీ అయింది.

చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. ఒక్క రోజు అదనంగా ఉంటే తిరగొద్దు. లోటు కూడా చెప్పాలి: భీమిలి దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలేస్తుంది. తగరపువలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం దాకా కొబ్బరిచెట్టు కనిపిస్తే సంతోషించాలి. కానీ ఆ చివర ఉన్నది తక్కువ కాదు. శ్రీకూర్మంలో కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలుంటాయి. స్తంభాల మీది శాసనాలు, గోడల మీది పాత రంగుల బొమ్మలు చూడటానికి దర్శనం అయ్యాక అరగంట కేటాయించండి. అక్కణ్ణుంచి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ. తారాదేవి, మారీచి విగ్రహాలు దొరికిన చోటిది. అంటే బౌద్ధం తొలినాళ్ల స్తూపాల నుంచి తాంత్రిక దేవతల దాకా సాగిన ప్రయాణం ఒకే కొండ మీద ఉంది. జనం ఉండరు, దుకాణాలూ అంతంత మాత్రమే, నీళ్లు మీరే తీసుకెళ్లాలి. సాయంత్రానికి కళింగపట్నం చేరితే వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత రేవు, దీపస్తంభం.

తరంగంబాడి దారి

దీని గురించి తక్కువే చెప్తాను. కొండలు కావాలనుకునేవాళ్లకు ఇది కుదరదు. నేల చదును, సముద్రం చాలా చోట్ల ఇళ్ల వెనకో రిసార్టుల వెనకో ఉంటుంది. చెన్నై నుంచి మహాబలిపురం దాకా శని, ఆదివారాల్లో ట్రాఫిక్కే ట్రాఫిక్కు. మంగళ, బుధవారాల్లో బయల్దేరగలిగితేనే దీన్ని పెట్టుకోండి.

కానీ చరిత్ర విషయంలో దీన్ని కొట్టే దారి లేదు. మహాబలిపురంలో పల్లవుల పంచరథాలు, ఎనిమిదో శతాబ్దపు తీర దేవాలయం ఉన్నాయి. దగ్గరే సాళువన్‌కుప్పంలో, 2004 సునామీ ఇసుకను కోసేశాక జరిపిన తవ్వకాల్లో పాత మురుగన్ గుడి ఒకటి బయటపడింది. కొంచెం దిగువన సద్రాస్‌లో డచ్చికోట, ఆ తర్వాత కడప్పాక్కం దగ్గర ఆలంపరై కోట శిథిలాలు. తర్వాత పుదుచ్చేరి. చివర తరంగంబాడి. తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా చూడాలంటాను. 1620లో ఇక్కడ కోట కట్టుకోవడానికి డేన్‌లకు అనుమతి ఇచ్చింది తంజావూరు నాయకరాజు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఇచ్చిన స్థలంలో డెన్మార్క్‌వాళ్లు కట్టిన డాన్స్‌బోర్గ్ కోట ఇంకా నిలిచి ఉంది. 1845లో వాళ్లు దాన్ని ఇంగ్లీషువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు. దాని పక్కనే మాసిలామణినాథర్ గుడి ముందు భాగాన్ని సముద్రం తినేసింది. పుదుచ్చేరిలో రెండు రాత్రులు ఉండి తరంగంబాడికి ఒక పూట ఇచ్చేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే తిరగేయండి, రాత్రి తరంగంబాడిలోనే ఉండి పొద్దున్నే కోట ముందు నడవండి.

కారులో ఎవరున్నారు?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే కొంకణంలో పడవ కోటలు కష్టం. అలలకు పడవ ఊగుతుంటే మెట్టు మీదికి దూకినట్టు దిగాలి. వాళ్లతో వెళ్లక తప్పదంటే రత్నదుర్గ్, విజయదుర్గ్ చూసి సింధుదుర్గ్‌ను మాల్వణ్ ఒడ్డు నుంచే చూపించండి. విశాఖ దారిలో తొట్లకొండ పైదాకా రోడ్డుంది, శ్రీకూర్మం, అరసవల్లి దర్శనాలు కలిసొస్తాయి. వాళ్లకు అదే తృప్తి.

కారు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే కొంకణం ఉత్తర భాగం వద్దు. తరంగంబాడి దారి వాళ్లకు మేలు. విశాఖలో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి లోపలికి తీసుకెళ్తే పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన నిజమైన జలాంతర్గామి అది. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.

డ్రైవింగు చేసేది ఒక్కరే అయితే కొంకణంలో రోజుకు 120 కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. మధ్యలో పెట్రోలు బంకులు పలచగా ఉంటాయి, సగం ట్యాంకుకు దిగగానే నింపుకోండి. పంటుకు, పడవకు చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. ఖాడీల దగ్గర ఫోను సిగ్నలు నమ్మకం లేదు.

ఎప్పుడు వెళ్లాలి?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొంకణం పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దీవి కోటలకు పడవలు ఆపేస్తారు. కోటల కోసమైతే ఆ నెలల్లో వెళ్లి ప్రయోజనం లేదు. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతానికి తుఫానుల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తమిళనాడు తీరంలో డిసెంబరు సగం దాకా వానలే. అందుకే దసరా సెలవులకైతే కొంకణం వైపు చూడండి, అప్పటికి పడవలు మొదలయ్యాయో లేదో మాల్వణ్‌లో బస ఇచ్చేవాళ్లను అడిగి గదులు తీసుకోండి. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి దాకా మూడు దార్లూ బాగుంటాయి. ఆ రోజుల్లో తొట్లకొండ మీద పన్నెండు దాకా కూడా నిలబడగలం. డిసెంబరు చివరి వారం మాత్రం ముంబయి, పుణెవాళ్లంతా కొంకణంలోనే ఉంటారు, చెన్నైవాళ్లంతా పుదుచ్చేరిలో ఉంటారు. ఆ వారమే సెలవు దొరికితే శ్రీకాకుళంలో బస చేసి శాలిహుండం, కళింగపట్నం వెళ్లండి.